వడి వేరు, వేగం వేరు: ‘పోర్టల్’ గేమ్ వ్యాసానికి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో వీడియో గేమ్‌ల టెలిపోర్టేషన్ (ఒకచోట మాయమై ఇంకోచోట తేలడం) మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. ‘పోర్టల్’ గేమ్‌ను చూపించి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పవచ్చన్న సూచన కూడా మంచిదే. కాకపోతే ఆ గేమ్‌లో ద్రవ్యవేగ నిత్యత్వ నియమాన్ని (బయటి బలం లేనిదే మొత్తం ద్రవ్యవేగం మారదన్న నియమం) తు.చ. తప్పకుండా పాటించారని రాసిన వాక్యం తప్పు. నేరం వ్యాసకర్త ఒక్కరిదే అనలేం. 2007లో వాల్వ్ కంపెనీ విడుదల చేసిన ఆ ఆటలో గ్లాడోస్ అనే కంప్యూటర్ గొంతు స్వయంగా ఆ మాట చెబుతుంది. ఆడినవాళ్లు దాన్నే పట్టుకుని ఇన్నేళ్లుగా వాదించుకుంటున్నారు. అదే వాక్యాన్ని తొమ్మిదో తరగతి విద్యార్థి పరీక్షలో రాస్తే మాత్రం మార్కులు పోతాయి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆటగాడి చేతిలోని తుపాకీ గోడకో నేలకో పైకప్పుకో కోడిగుడ్డు ఆకారంలో రెండు ద్వారాలు పెడుతుంది, ఒకటి నీలం, ఒకటి నారింజ. ఒకదాంట్లో కాలు పెడితే రెండోదాంట్లోంచి బయటికొస్తుంది. మధ్యలో దూరం లేదు, కాలం లేదు. ఎత్తు నుంచి నేలమీది ద్వారంలోకి దూకితే, గోడమీది ద్వారంలోంచి అదే ఊపుతో అడ్డంగా దూసుకొస్తాం. ఆటలోని సగం చిక్కుముడులు ఈ ఒక్క కిటుకుతోనే విడిపోతాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన పాఠ్యపుస్తకాలు వడికి, వేగానికి తేడా చెబుతాయి. వడి అదిశ రాశి, అంటే దానికి దిశ ఉండదు; వేగం సదిశ రాశి, దానికి దిశ ఉంటుంది. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చేది కనుక దానికీ దిశ ఉంటుంది. 60 కిలోల మనిషి 5 మీటర్ల ఎత్తు నుంచి దూకితే నేలను చేరేసరికి వడి సెకనుకు దాదాపు 10 మీటర్లు. అప్పటి ద్రవ్యవేగం కిందివైపు 600 కిలోగ్రామ్-మీటర్/సెకను. గోడలోంచి బయటపడ్డాక కూడా అది 600 యూనిట్లే, కానీ అడ్డంగా. కిందివైపు 600 పోయింది, పక్కకు 600 పుట్టింది. మొత్తం మార్పు 600 కాదు, సున్నా అంతకంటే కాదు, దాదాపు 850. మారకుండా మిగిలింది వడి ఒక్కటే.

ఈ 850ని ఎవరు భరించారు? ఆట జవాబు చెప్పదు. నియమం నిలవాలంటే ద్వారాలో, అవి అతుక్కున్న గోడలో, వాటి వెనకున్న భూగోళమో భరించాలి. రెండు ద్వారాలూ నేలమీదే ఉన్న సందర్భం మరీ ఘోరం. కిందికి 600తో వెళ్లినవాడు పైకి 600తో లేస్తాడు, అంటే మార్పు 1,200. 1.7 మీటర్ల మనిషి సెకనుకు 10 మీటర్ల వడితో ద్వారం దాటడానికి 0.17 సెకను పడుతుంది. 1,200ని 0.17తో భాగిస్తే 7,000 న్యూటన్లు పైచిలుకు. అంటే ఆ కాస్తసేపు రెండు ద్వారాల చట్రాలూ కలిసి ఏడు క్వింటాళ్ల బరువంత తోపుడును కిందికి తట్టుకోవాలి. దూకినవాడికి మాత్రం చిన్న కుదుపు కూడా తెలియదు. వాడి నడుము దాకా కిందికి వెళుతూ, కాళ్లు పైకి లేస్తూ ఉంటాయి. అయినా ద్వారంతో పోల్చి చూస్తే ఒంట్లోని ప్రతి కణం ఒకే వడితో, ఒకే దిశలో సాగుతోంది. ‘ద్వారంతో పోల్చి’ అన్న ఈ మాట గుర్తుంచుకోవాలి, మిగతా వాదమంతా దీనిమీదే నిలుస్తుంది.

శక్తి సంగతి ఇంకా ఇబ్బందికరం. నేలమీద ఒక ద్వారం, సరిగ్గా దాని పైన 3 మీటర్ల ఎత్తున పైకప్పుకు ఇంకో ద్వారం పెట్టి అందులో పడితే పడుతూనే ఉంటాం. ఒక్కో చుట్టుకు 60 × 9.8 × 3, అంటే 1,764 జౌళ్ల గతిజశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) ఊరికే వచ్చి చేరుతుంది. గాలి అడ్డు వల్ల వడి సెకనుకు 55 మీటర్ల దగ్గర ఆగిందనుకున్నా, ఆ మనిషి ఒక్కడే గదిలోని గాలికి 32 కిలోవాట్ల చొప్పున శక్తి ధారపోస్తుంటాడు. మనిషి బదులు నీళ్లు పోసి మధ్యలో టర్బైన్ పెడితే శ్రీశైలానికి పైనుంచి వరద రావాల్సిన పని ఉండదు. అలాంటి యంత్రం ఉండదని మనకు తెలుసు. అయితే తప్పు ఎక్కడుందో చెప్పాలి కదా.

తప్పు గురుత్వంలో ఉంది. ఆటలో ద్వారానికి ఇవతలా అవతలా గురుత్వం మామూలుగా ఉంటుంది, ద్వారం ఉన్నట్టే దానికి తెలియదు. నిజంగా స్థలాన్ని అలా కలిపి కుడితే ఆ కుట్టుకు రెండువైపులా గురుత్వ స్థితిజశక్తి (ఎత్తు వల్ల ఉండే శక్తి) ఒకటే కావాలి. అప్పుడు నేలమీది ద్వారం దగ్గరికి వెళ్లేకొద్దీ అది మనల్ని వెనక్కి నెడుతుంది. 3 మీటర్ల మెట్లెక్కడానికి ఎంత శక్తి కావాలో, దాన్ని దాటడానికి అంతే కావాలి. అలాంటి ద్వారంలో పడినవాడు తిరుగుతూ ఉండిపోడు, ఎగుడుదిగుడు దారిలో బంతిలా ఊగిసలాడతాడు. భౌతికశాస్త్రం ప్రకారం అదే సరైన పోర్టల్. ఆటగా మాత్రం దాన్ని ఎవరూ కొనరు.

ఈ లెక్కను మన ఊళ్లకు వర్తింపజేస్తే తీవ్రత తెలుస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, విశాఖ తీరంలో ఉంది. గురుత్వాన్ని పట్టించుకోని ద్వారంలో హైదరాబాద్ నుంచి విశాఖకు అడుగు వేస్తే కిలోకు 5,300 జౌళ్లు మిగులుతాయి. అవి వేడిగా ఒంట్లో చేరితే ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది, పారాసిటమాల్‌తో సర్దుకుంటుంది. విశాఖ నుంచి 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు వెళితే లెక్క తిరగబడుతుంది. కిలోకు 34,300 జౌళ్లు ఒంట్లోంచే తీసుకోవాలి. మానవ శరీరం విశిష్టోష్ణం, అంటే కిలో బరువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన శక్తి, దాదాపు 3,500 జౌళ్లు. 37 డిగ్రీల మనిషి 27 డిగ్రీలతో లేహ్‌లో తేలతాడు. ఆ ఉష్ణోగ్రతలో స్పృహ ఉండదు, గుండె లయ తప్పుతుంది.

ఇక అసలు పోట్లాట. ఈ ఆట అభిమానులు ఏళ్ల తరబడి రెండు వర్గాలుగా చీలి కొట్టుకునే ప్రశ్న ఒకటుంది. వ్యాసంలో దాన్ని ‘ఎవరి అభిప్రాయం వారిది’ అని వదిలేశారు. ఒక పీటమీద ఘనాకారపు పెట్టె కదలకుండా ఉంది. పైనుంచి ఒక పిస్టన్ దిగుతోంది, దాని అడుగున నారింజ ద్వారం. నీలం ద్వారం పక్కన ఏటవాలు గోడమీద కదలకుండా ఉంది. పిస్టన్ వచ్చి పెట్టెను మింగింది. పెట్టె నీలం ద్వారంలోంచి ఎగిరి పడుతుందా, లేక ఊపు లేకుండా మెల్లగా జారుతుందా?

జారుతుందనేవాళ్ల వాదన వినడానికి బాగుంటుంది. పెట్టె కదల్లేదు కదా, దానికి వేగం ఎక్కడిది? నిలబడ్డ మనిషి తలమీదుగా రింగు జారవిడిస్తే మనిషి ఎగురుతాడా అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఈ రింగు పోలికే వాళ్లను తప్పుదారి పట్టించింది. రింగుకు పై ముఖం, కింది ముఖం రెండూ కలిసి దిగుతాయి. పోర్టల్‌లో లోపలి ముఖం దిగుతోంది, బయటి ముఖం కదలకుండా గోడకు ఉంది. రెండూ ఒకటే కాదు.

అంకెలు పెట్టి చూస్తే అనుమానం తీరుతుంది. పిస్టన్ సెకనుకు 5 మీటర్ల వడితో దిగుతోంది, పెట్టె ఎత్తు అర మీటరు అనుకుందాం. పెట్టె మొత్తం ద్వారం దాటడానికి 0.1 సెకను. అదే 0.1 సెకనులో అవతలివైపు అర మీటరు పొడవున్న పెట్టె బయటికి రావాలి. పదో వంతు సెకనులో అర మీటరు బయటికొచ్చే వస్తువు వడి సెకనుకు 5 మీటర్లు. దానికి వేగం లేదంటే, చివరి అంచు బయటపడ్డ క్షణాన ఏ బలం లేకుండా పెట్టె ఠక్కున ఆగాలి. కాబట్టి ఎగురుతుంది. నీలం ద్వారం పక్కన కూర్చున్న ఈగకు అదేమీ వింత కాదు, ఒక పెట్టె వేగంగా వచ్చింది, అదే వేగంతో పోయింది. పెట్టె 10 కిలోలైతే దానికి కొత్తగా వచ్చిన గతిజశక్తి 125 జౌళ్లు. అది పిస్టన్ ఖాతాలో పడాలి. పెట్టె దాటుతున్న ఆ 0.1 సెకను పాటు ద్వారాల మీద 500 న్యూటన్ల ఎదురు తోపుడు ఉంటుంది, మోటారు ఆ మేరకు మూలుగుతుంది.

పిస్టన్ సరిగ్గా సగంలో ఆగిపోతే? బయటికొచ్చిన సగం సెకనుకు 5 మీటర్లతో పోతుంటుంది, పీటమీది సగం నిశ్చలంగా ఉంటుంది. పెట్టె గట్టిదైతే ముందు సగం వెనక సగాన్ని లాక్కుని, మొత్తం సెకనుకు రెండున్నర మీటర్లతో బయటపడుతుంది. మట్టికుండ అయితే మధ్యకు విరుగుతుంది. ‘జారుతుంది’ వర్గం దగ్గర ఈ ప్రశ్నకు పొందికైన జవాబు లేదు.

కదిలే ద్వారాలు ఆటలో దాదాపు లేవు కాబట్టి ఇదంతా ఊహాగానం అని కొందరు కొట్టిపారేస్తారు. నిజమే, పోర్టల్ అతికించిన పలక కదిలితే సాధారణంగా పోర్టల్ మాయమైపోతుంది. 2011లో వచ్చిన రెండో భాగంలో, లేజర్‌తో గొట్టాలు కోసే ఒక ఘట్టంలో మాత్రం కదిలే పలకమీద నిలుస్తుంది. కానీ భూమి తిరుగుతోందన్న సంగతి మరిచిపోయారు. హైదరాబాద్‌లోని గోడ సెకనుకు 444 మీటర్ల వడితో తూర్పుకు పోతోంది, ఢిల్లీలోని గోడ 408 మీటర్లతో. ‘పాత వేగం అలాగే ఉంటుంది’ అన్నదే నియమమైతే, హైదరాబాద్ ద్వారంలో నడిచి వెళ్లినవాడు ఢిల్లీలో గంటకు 130 కిలోమీటర్ల వడితో పక్క గోడకు కొట్టుకుంటాడు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న డల్లాస్‌కు వెళితే మరీ దారుణం. అది భూగోళానికి దాదాపు అవతలి పక్క, అక్కడి తూర్పు మనకు పడమర. రెండు వేగాలూ కలిసి సెకనుకు 830 మీటర్లు దాటుతాయి, గంటకు 3,000 కిలోమీటర్లు. తుపాకీ గుండులా అన్నమాట. నిశ్చలమైన ద్వారం అంటూ ఈ విశ్వంలో ఎక్కడా లేదు. కాబట్టి పొందికగా నిలిచే నియమం ఒక్కటే: లోపలికి వెళ్లే ద్వారంతో పోల్చి ఎంత వేగమో, బయటి ద్వారంతో పోల్చి అంతే.

(రెండో భాగం ఇంకా ముగించనివాళ్లు కింది రెండు పేరాలు వదిలేయండి.)

ఆ ఆట ముగింపులో ఒక ద్వారం చంద్రుడి మీద తెరుచుకుంటుంది, గదిలోని గాలి అటు పీల్చుకుపోతుంది. చంద్రుడు మన చుట్టూ సెకనుకు దాదాపు ఒక కిలోమీటరు వడితో తిరుగుతున్నాడు. ‘జారుతుంది’ వర్గం మాటే నిజమైతే, ద్వారం దాటిన మరుక్షణం వస్తువులన్నీ ఆ వడితో చంద్రతలం మీద అడ్డంగా దొర్లాలి. ఆటలో అలా జరగదు. అంటే చడీచప్పుడు లేకుండా ఆట కూడా ‘ఎగురుతుంది’ వర్గంలోనే చేరింది!

గాలి పోయే తీరు వరకు ఆట సరిగ్గానే ఉంది. మామూలు గది పీడనం నుంచి శూన్యంలోకి చదరపు మీటరుకు సెకనుకు 240 కిలోల గాలి పోతుంది. మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న గుడ్డు ఆకారపు ద్వారం వైశాల్యం 1.57 చదరపు మీటర్లు, అంటే సెకనుకు 375 కిలోలు. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తున్న గదిలో ఉండే గాలి మొత్తం 480 కిలోలే. తలుపులు బిగించి ఉంటే సెకనున్నర లోపే పీడనం మూడో వంతుకు పడిపోతుంది. అయితే ఇందాకటి గురుత్వ లెక్కను ఇక్కడ పెట్టి చూడండి. భూమ్మీద నుంచి చంద్రుడి మీదికి కిలోకు దాదాపు 5.9 కోట్ల జౌళ్ల స్థితిజశక్తి కొండ ఎక్కాలి. గది పీడనం గాలికి ఇవ్వగలిగింది కిలోకు 84 వేల జౌళ్లు, ఆ కొండలో ఏడు వందల వంతుల్లో ఒక్క వంతు. గురుత్వాన్ని గౌరవించే ద్వారమైతే గాలి గడప కూడా దాటదు, చంద్రుడి మీద ధూళే ఇటు కారిపోతుంది. ముగింపు దృశ్యమూ శక్తి నిత్యత్వ నియమమూ ఒకే ఒరలో ఇమడవు.

వ్యాసం చివర్లో ‘క్వాంటం టెలిపోర్టేషన్ రుజువైంది కాబట్టి పోర్టల్ కూడా ఒకనాటికి వస్తుంది’ అన్నారు. ఆ రెండింటికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. 1993లో ప్రతిపాదించి, 1997లో ప్రయోగంలో చూపించి, 2017లో చైనా శాస్త్రవేత్తలు మిసియస్ ఉపగ్రహానికి 1,400 కిలోమీటర్ల దాకా చేసింది ఒక కణం స్థితిని ఇంకో కణానికి అందించడం. పదార్థం ఎక్కడికీ వెళ్లదు. ఒక్కో క్యూబిట్‌కు (క్వాంటం సమాచారపు ప్రమాణం) రెండు మామూలు బిట్ల సమాచారం రేడియోలోనో లేజర్‌లోనో పంపాలి, అది కాంతి కంటే ముందు చేరదు. మొదటి కణంలో పాత స్థితి చెరిగిపోతుంది. పోర్టల్‌కు అసలు బంధువు వార్మ్‌హోల్, అంటే స్థలంలో రెండు దూరపు చోట్లను కలిపే ఊహాత్మక సొరంగం; దాని రెండు చివరలను నోళ్లు అంటారు. 1935లో ఐన్‌స్టీన్, రోసెన్‌ల పరిశోధనతో మొదలై, 1988లో మోరిస్, థార్న్‌ల పత్రంతో ‘మనిషి దాటగలిగే’ రూపానికి వచ్చింది. తెరిచి ఉంచాలంటే ఋణాత్మక శక్తి సాంద్రత కావాలి, చిక్కంతా అక్కడే. వార్మ్‌హోల్ లెక్కల్లో ఒక తమాషా ఉంది. వస్తువు లోపలికి వెళ్లిన నోటి ద్రవ్యరాశి ఆ మేరకు పెరుగుతుంది, బయటికొచ్చిన నోటిది తగ్గుతుంది. పైన అడిగిన ‘ఎవరు భరించారు’ అన్న ప్రశ్నకు ఇది జవాబు, ఖాతా ద్వారాల పేరునే నడుస్తుంది. ఒకే దిశలో అదేపనిగా జనాన్ని పంపితే అవతలి నోరు దివాలా తీస్తుంది.

తరగతిలో చూపించాలనుకునే ఉపాధ్యాయులకు ఒక మాట. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లోగానీ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోగానీ దీన్ని విద్యార్థులే ఒక పూటలో తయారు చేయగలరు. వస్తువు స్థానాన్ని మొదటి ద్వారపు సొంత అక్షాల్లోకి మార్చాలి, నిలువు అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పాలి, రెండో ద్వారపు అక్షాల్లోంచి బయటికి తేవాలి. వేగానికి ముందుగా మొదటి ద్వారం వేగాన్ని తీసేసి, అలాగే తిప్పి, రెండో ద్వారం వేగాన్ని కలపాలి. చాలామంది ఈ తీసివేత, కూడిక మరిచిపోతారు. ద్వారాలు కదలనంతసేపు తేడా తెలియదు, కదిలించగానే పెట్టె ‘జారుతుంది’ వర్గంలోకి పోతుంది. దాటిందా లేదా అన్నది దూరంతో కొలవకూడదు. సెకనుకు 60 ఫ్రేముల (తెరమీద మారే బొమ్మల) దగ్గర 55 మీటర్ల వడి అంటే ఒక్కో ఫ్రేముకు 92 సెంటీమీటర్లు. వస్తువు ద్వారాన్ని తాకకుండానే గోడ అవతలికి దూకేస్తుంది. పాత స్థానం నుంచి కొత్త స్థానానికి గీసిన గీత ద్వారపు తలాన్ని ఖండించిందా అని చూడాలి. సగం దాటిన వస్తువు కనిపించాలంటే అవతలివైపు దాని నకలు ఒకటి ఉంచాలి. బయటపడ్డాక వస్తువు మళ్లీ లోపలికి లాగబడి రెండు ద్వారాల మధ్య వణుకుతుంటే, అది దాటిన ముఖం ఏదో గుర్తుంచుకోలేదని అర్థం. అసలు గేమ్ ఈ వణుకును తప్పించడానికి నేలమీది ద్వారంలోంచి వచ్చే ఆటగాడికి కనీస వడి అరువిస్తుంది, పైన గరిష్ఠ వడికి హద్దు పెడుతుంది. బయటికొచ్చినవాడి తల ఎప్పుడూ పైకే ఉండేలా తిప్పేస్తుంది కూడా. కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువుకుండే ద్రవ్యవేగం) సంగతి ఇక అడగక్కర్లేదు.

సవరణ వేయదలిస్తే ఎక్కువ చోటు పట్టదు. ‘ద్రవ్యవేగం మారదు’ అన్నచోట ‘ద్వారంతో పోల్చిన వడి మారదు’ అని వేస్తే చాలు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ